ఐదో వరుస

మర్రిగూడ దాటినంక మూడో కిలోమీటరు కాడ
బండి ఆపి సంచిలకెల్లి ఫారాలు తీసిన.
నేను బడి పంతుల్ని.
ఈ పది రోజులు మాత్రం మనుషుల్ని లెక్కబెట్టేటోణ్ణి.

"ఇంట్ల ఎంతమంది?"
"నలుగురం సారూ" అన్నడు పర్వతాలు.
ముసలామె, తను, భార్య, ఇంటర్ చదివే కొడుకు.
పేర్లు రాసిన. ఆధార్ నంబర్లు రాసిన.
ఎడ్లు లేవు, ఒక బోరు ఎండింది,
రెండెకరాల బత్తాయి తోట,
అదీ రాసిన.

గడప కాడ ఐదు జతల చెప్పులు.
ఐదోది నీలం రంగుది, ఆడపిల్లది.
కుడికాలిది ఎడమ దిక్కు, ఎడమకాలిది కుడి దిక్కు
ఎవరో ఎంతో పైలంగ
పక్కపక్కన పెట్టి పోయినట్టు.

పెన్ను ఆగింది.

ఈ ఊరికి కెమెరాలు కొత్తగాదు.
నీళ్ళు ఎముకల్ని వంచిన కాలంల
వంకర కాళ్ళను వరుసగ నిలబెట్టి
ఫోటోలు దీస్కపోయినోళ్ళు మస్తుమంది.
ఆ ఫోటోలల్ల ఈమె లేదు.
కాళ్ళు సక్కగనే ఉన్నయి కద!
కనబడని దానికి ఫోటో లేదు,
ఫోటో లేనిదాని మీద జాలి గూడ రాదు,
నవ్వొస్తది, గంతే.

"ఇంకెవరన్న ఉన్నరా?"
పర్వతాలు బీడీ దిక్కు చూసిండు.
ముసలామె కొంగు సదురుకున్నది.
"ఉన్నది గని... దానికి సోయి లేదు సారూ.
రాస్తే ఏమొస్తది?
పిల్లగానికి రేపు సంబంధాలు చూడాలె,
కాయితం మీద పడ్డ ముచ్చట
పది ఊర్లు తిరిగొస్తది."

గోడ అవతల్కెల్లి పక్కింటామె అందుకున్నది:
"ఆ ఎడ్డిదా? పెండ్లిళ్ళకు తోల్కరావద్దని మేమే చెప్పినం,
బంతిల కూసొని ఊకె నవ్వుతది."
చెడ్డదేం గాదు ఆమె.
ఎండలొచ్చిన్నని నాకు సల్లటి నీళ్ళిచ్చింది
ఆ చేతుల తోనే.

అప్పుడు మాట్లాడింది తల్లి, మొదటిసారి:
"బత్తాయిలు ఏరుతది సారూ,
పెద్దయి పెద్దయి, చిన్నయి చిన్నయి,
ఒక్కటి తప్పదు."
ఏదో ఒక పని చూపిస్తేనే
మనిషని రాస్తనేమో అన్నట్టు.
ఏరకపోతే మాత్రం?
అని అడుగుదామనుకున్న.
అడగలె.

గంపతోని వచ్చిందామె కొట్టం దిక్కుకెల్లి.
ఆకుపచ్చ వాసన ముందుగాల వచ్చింది.
నా మొఖంలకు మొఖం పెట్టి
"నీ పేరేంది?" అన్నది.

నూటా పన్నెండు ఇండ్లు తిరిగిన.
ఒక్కరు అడగలె నా పేరు.
చెప్పిన. రెండుసార్లు తిప్పి తిప్పి అనుకున్నది,
నోట్ల కొత్త పండు పెట్టుకున్నట్టు.
"నా పేరు అండాలు" అన్నది.

ఇంట్ల ఎవ్వరు నవ్వలె.
నాకే ఎందుకో గొంతుల ఏదో అడ్డం పడ్డది.

మా బడి హాజరు పట్టీల పదిహేడో నంబరు.
మణితేజ.
మూడేండ్ల నుంచి వరుసగ టిక్కులు పెట్టుకుంట వస్తున్న.
కిటికీ పక్కన ఆఖరి బెంచి.
పెద్దసార్లు తనిఖీకొచ్చే రోజు
"ఇయ్యాల ఇంటికాడనే ఉంచుకో" అని
వాళ్ళ నాయనకు ఫోన్ చేసింది నేనే.
పర్వతాలుకు ఏం చెప్పాలె నేను?

ఐదో వరుసల రాసిన: అండాలు.
వయసు కాడ తల్లీ ముసలామే కొట్లాడుకున్నరు,
ఇరవై ఆరంటరొకరు, ఇరవై ఏడంటరొకరు.
పర్వతాలు లేచి బయటికి పోయిండు.
పోయి మళ్ళ వచ్చి
"ఏడు" అన్నడు, మెల్లగ,
"వానలు పడని ఏడాది పుట్టింది."

"నన్ను గూడ రాసినవా?"
వేలు పెట్టింది ఫారం మీద.
అది ముసలామె పేరు.
"అది గాదు, కిందికి" అన్న.
వేలు జారింది. ఇంకో పేరు. ఇంకోటి.
బత్తాయి రసం మరక ఒకటి
నాలుగు పేర్ల మీదికెల్లి దిగి
ఆమె పేరు కాడ నిలబడ్డది.
ఆఫీసుల అడుగుతరు, ఈ మరకేందని.

సోమవారం బడి.
పదిహేడు అని పిలవాలె.
జవాబు వచ్చేదాక ఆగాలె.
ఎంతసేపు ఆగాల్నో తెల్వదు,
ఇన్నేండ్లల్ల ఒక్కనాడు
ఆగి చూసినోణ్ణి గాదు.