వంతు

ఇరవై రెండేళ్ళుగా లాకుల మీద లస్కరుని.
చక్రం ఎన్ని చుట్లు తిప్పితే
శివారు బోదెకి ఎన్నంగుళాల నీరు అందుతుందో
అరచేతి కాయలకి తెలుసు.

ఈ చిన్న పెట్టెకి చక్రం లేదు.
టీవీ పక్కన, మా అమ్మ ఫొటో కింద
రెండు కొమ్ములు పైకెత్తిన నత్తలా
పచ్చ దీపం మిటకరించుకుంటూ కూర్చుంటుంది.

ఫైబర్ కుర్రాడు సువర్ణరాజుని పిలిచాను.
కాళ్ళకంటిన ఒండ్రు గుమ్మంలో రాసి లోపలికొచ్చి
నా ఫోన్లోనే ఏదో పేజీ తెరిచి
ఇంట్లో ఉన్నవన్నీ వరసగా చూపించాడు.
నాది, మా ఆవిడది, టీవీ,
కెజియా - పేరు పక్కన మూడు సీతాకోకచిలుకలు.
"ఏయేవి ఆపమంటారండీ? ఎన్నింటికి?"
ఆయ్, ఇంత తేలికా అనుకున్నాను.
ఫొటోలవీ, రీల్సువీ, కబుర్లవీ పూర్తిగా.
మిగతావి రాత్రి పదికి.
పాఠాలు మాత్రం వదిలెయ్యమన్నాను.
టీ తాగి, యాభై తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకు చేశానో చెప్పాలి.
పదో తరగతి పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు.
క్లాసులో ఎవడో దాని ఫొటో పక్కన
గేదె ఫొటో అతికించి తిప్పాడట.
రెండొందల మంది నవ్వారు.
నవ్వులకి లెక్క ఉంటుందని,
అది కింద అంకెల్లో పడుతుందని
అప్పటిదాకా నాకు తెలీదు.
రాత్రి మూడింటికి దుప్పట్లో వెలుగు చూసి లేపితే
మళ్ళీ మళ్ళీ దాన్నే చూసుకుంటోంది,
నొప్పి ఉన్న పంటి మీదకే నాలుక పోయినట్టు.

"కొన్నాళ్ళు కట్టేశానమ్మా" అన్నాను పొద్దున్న.
పెరుగన్నంలో మామిడికాయ ముక్క కెలుకుతూ
తల ఎత్తకుండా అంది:
"ఎగువన గండి కొట్టినోణ్ణి వదిలేసి
శివారోడికి తూము దించేత్తావా నాన్నా?
వాడింట్లో ఎవరు కట్టారు?"

లస్కరు కూతురు.
మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే అడగాలా.

దాళ్వాలో నీళ్ళు చాలక
వంతులు పెట్టిన ఏడు గుర్తొచ్చింది.
ఎగువన రాత్రిళ్ళు ఇంజన్లు పెట్టి తోడేవాళ్ళు.
ఎవరివో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.
మెమో మాత్రం నాకొచ్చింది, శివారు తూము మూయమని.
మూశాను.
పొట్ట మీదున్న చేను తాలు తేలింది.
చిట్టెమ్మ గట్టు మీద నిలబడి తిట్టనైనా తిట్టలేదు.
నా వంక ఓసారి చూసి
చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగిపోయింది.

మధ్యాహ్నం బడికెళ్ళాను.
హెడ్మాస్టారు లేరు. గుమాస్తా రేపు రమ్మన్నాడు.
ఆ పిల్లాడి తండ్రి ఎరువుల కొట్లో ఉన్నాడు,
"కుర్రాళ్ళండీ, సరదాలండీ" అని కుర్చీ లాగాడు.
కూర్చోలేదు.
కొట్టు ముందు సైకిలు స్టాండు వేసి నిలబడ్డాను.
ఎండకి సీటు కాలిపోతోంది.
యూరియా కోసం వచ్చినవాళ్ళు
ఏంటని అడుగుతుంటే చెప్పాను, ప్రతివాడికీ.
నాలుగింటికి తీయించాడు.
తీసినా పోదటగా -
గుర్రపుడెక్క లాగి గట్టున పడేసినా
దిగువన ఇంకో రేవులో తేలినట్టు.

రాత్రి మళ్ళీ ఆ పేజీ తెరిచాను.
కాలవకైతే గేజి రాయి ఉంది, గీతలున్నాయి.
దీనికి ఆపు, వదులు, రెండే.
అదీ కాక పాస్‌వర్డు మర్చిపోయాను.
గదిలోంచి గొంతు:
"నానమ్మ పేరు. చివర ఒకటి రెండు మూడు."

ఎప్పట్నుంచి తెలుసో.
తెలిసీ ముట్టుకోలేదు.

మార్తమ్మ అని ఒక్కో అక్షరం నొక్కాను.
"కబుర్లవి వదల్నా?" అన్నాను గోడతో.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత,
"దీవెనకి ఒక్కదానికి చెప్పాలి.
నువ్వు ఎండలో నిలబడ్డావని."

పది కావస్తోంది.
వేలు ఫోను మీదే ఉంది.
బయట, ఎంత బిగించినా
లాకు తలుపుల సందులోంచి
నీళ్ళు కారుతున్న చప్పుడు.