ముప్పై ఏడు అంగుళాలు

ముందు బండిని ఆరంగుళాలు లేపించాడు డెల్మర్.
తర్వాత టైర్లు.
రాలిన్స్‌లో గాలి ఆగని ఆ వసంతంలో
బిగించింది నేనే.
బిగిస్తూ చెప్పాను కూడా.
వినే మొహం కాదది,
కొత్త బూట్లు తొడుక్కున్న పిల్లాడి మొహం.

నెల తిరక్కుండా వచ్చాడు.
స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోందట.
మలుపులో టైరు ఫెండర్ని గీకుతోందట.
బ్రేకు తొక్కితే
ఆగాల్సిన చోటు దాటాక గుర్తొస్తోందట దానికి.
ఇక డీజిలు సంగతి అడక్కు, అన్నాడు.

పోలీసు చీటీ బల్లమీద పెట్టాడు.
"ముల్లు యాభై ఐదు దాటలేదు, ఒట్టు."
దాటదు. ముల్లుకి తెలిసింది పాత చక్రమే.
ఆరు మైళ్ళు నడిస్తే ఐదే రాసుకుంటుంది.
"అయితే బండి వయసు దాస్తోందన్నమాట!"
నవ్వాడు. నేనూ నవ్వాను,
మార్చాల్సిన గేర్ల ఖరీదు రాస్తూ.

బయట టాన్సీ నిలబడి ఉంది,
పన్నెండేళ్ళ గొర్రెల కుక్క.
ఒకప్పుడు ఈల వెయ్యకముందే ఎక్కి కూర్చునేది.
ఇప్పుడు ముందుకాళ్ళు బంపరుకి ఆనించి
పైకి చూస్తోంది,
డెల్మర్ని కాదు, ఆ ఎత్తుని.

గేర్ల మాట మళ్ళీ ఎత్తలేదతను.
షెడ్డు మూలనున్న పాత చెక్కపెట్టె చూపించి
"దీనికెంత?" అన్నాడు.
తీసుకుపొమ్మన్నాను.

మొన్న పోస్టాఫీసు ముందు చూశాను.
ముందు పెట్టె దిగింది.
దానిమీదుగా టాన్సీ దిగింది.
అటూ ఇటూ ఓసారి చూసి,
తలుపు పట్టుకుని, మోకాలు మెల్లగా వంచి,
అదే పెట్టెమీద కాలు మోపాడు
డెల్మర్.