కార్లు లేని ఊరు

పన్నెండేండ్ల సంది దుబాయిల టాక్సీ నడుపుతున్న.
ఈ మాల్ గేటు కాడ ఎంత మందిని దించిన్నో!
లోపలికి మాత్రం ఇయ్యాల్నే,
అయిలేశు ఇప్పించిన పాసు మీద.

గాజు తలుపు అవుతల మంచు ఊరు.
కట్టె ఇండ్లు, పొగ రాని పొగగొట్టాలు,
ఆకు రాల్చని చెట్లు.
హారన్ లేదు. సిగ్నల్ లేదు. జరిమానా కెమెరా లేదు.
అయినా నా కండ్లు
బండి ఆపే జాగ కోసమే దేవులాడినయ్.

అద్దె కోటు తొడిగి, ప్లాస్టిక్ తొట్టిల కూసోబెట్టి
అయిలేశు ఎనుక నుంచి ఒక్క నూకు నూకిండు.
జారుతున్న...
కుడికాలు మంచుల బ్రేకు తొక్కుతనే ఉన్నది!
కింద ఓ అరబ్బు పిల్లగాడు
నన్ను చూసి పడీపడీ నవ్విండు.
నేనూ నవ్విన,
మీటరు తిరగని నవ్వు.

"మల్లోపారి ఎక్కుతవా?" అన్నడు అయిలేశు
పార భుజాన పెట్టుకొని.
వాని కనురెప్పల మీద తెల్లటి నూగు.
పొద్దు పొద్దంతా గా చలిల ఎత్తిపోసుడే వాని పని.

రాత్రి సోనాపూర్ రూముల
ఏసీ ముందటి మంచం నాదంటే నాదని కొట్లాట.
మూలకు, రెండు దుప్పట్లల్ల ముడుసుకొని
వాడు.
జులై నెల.
ఎవరూ ఏమడగలె.
నేను లేచి
ఏసీ రెక్కలను గోడ దిక్కు తిప్పిన.