వంటింటి మీద ఎండ

ఈ నీరెంత లోతు, అని అడిగాడు కుర్ర ఇంజనీరు.
మా వంటిల్లు, దాని మీద అటక,
అటక మీద నిలబడ్డ మనిషొకడు,
అంత లోతు బాబూ, అన్నాను.
నవ్వాడు. చేతిలో మిషన్లో ఏదో అంకె వేసుకున్నాడు.

రువాన్ కాయ్ అతని పేరు. షాంఘై నుంచి వచ్చాడు.
పడవ ఎక్కితే రెండు చేతులా అంచు పట్టుకుంటాడు.

నేను బియెన్ సూచిన్‌ని.
హ్వాయ్ నది ఒడ్డున గోధుమ చేల పక్కన
టోఫు చేసి అమ్మినదాన్ని.
ఇప్పుడు ఆ చేల మీదే తెడ్డు వేస్తున్నాను.

మునగడం ఒక్క రాత్రిలో కాలేదు.
ముందు తలుపు పట్టేసింది.
గడప చెక్కించాం. వారానికి మళ్ళీ పట్టేసింది.
గోలీకాయ నేల మీద పెడితే
దానంతటదే పొయ్యి దాకా దొర్లేది, పిల్లకి అదొక ఆట.
ఒక ఏడాది చేలో నిలిచిన వాననీరు ఇంకలేదు.
మరుసటేడు అక్కడికి బాతులొచ్చాయి.
బాతులొచ్చాక ఇంకెవరూ గోధుమల మాటెత్తలేదు.

కింద ఏం జరుగుతోందో మా ఇంట్లో తెలియంది కాదు.
మా ఆయన కౌ దపే ఇరవై ఆరేళ్ళు గనిలో దిగాడు.
రాత్రి షిఫ్టుకి బయల్దేరుతుంటే
"మన మంచం కిందికొచ్చినప్పుడు మెల్లగా తవ్వు,
పిల్ల లేస్తుంది" అనేదాన్ని.
వేళాకోళానికే.
ఒకనాడు భోజనానికి కూర్చుని, మ్యాపు చూశానన్నాడు.
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.
అన్నం చల్లారిపోయింది.

తలకింత అని పరిహారం ఇచ్చారు. కోళ్ళని లెక్కపెట్టలేదు.
నాలుగో అంతస్తులో ఇల్లిచ్చారు.
తిరగలి మాత్రం తెచ్చుకోలేకపోయాం.
అత్తగారి అత్తగారి నాటిది,
నలుగురు పడితే గాని కదలదు.
అయినా నాలుగో అంతస్తులో సోయా విసిరితే
మూడో అంతస్తువాళ్ళు ఊరుకుంటారా?

ఇప్పుడు దాని మీద సోలార్ పలకలు తేలుతున్నాయి,
ఆరబెట్టి మరిచిపోయిన దుప్పట్లలా.
నా పని కడగడం.
కొంగల రెట్ట సగం, మిగతా సగం మసి.
అవతలి గట్టున పాత చిమ్నీ పొగ మానలేదు మరి,
దానికి బొగ్గు ఎక్కడి నుంచో రైల్లో వస్తుంది.
బకెట్లో గుడ్డ పిండితే దిగే నీళ్ళ రంగు
నాకు కొత్త కాదు.
ఇరవై ఆరేళ్ళు ఆయన వీపు తోమితే దిగిన నలుపే.
అప్పుడది జీతం. ఇప్పుడది మురికి.

గనిలో షిఫ్టుకి మూడు వందల మంది.
ఇక్కడ పదకొండు మందిమి, ఒక కుక్క.
ఎండని తవ్వక్కర్లేదు కదా.
మూలనపడ్డ మగాళ్ళు గట్టు మీద
గాలాలేసుకుని కూర్చుంటారు.
పలకల నీడన చేపలు బలిశాయంటారు,
ఆ ఒక్కమాట చెప్పేటప్పుడు గొంతు కాస్త లేస్తుంది.

దపే గాలానికీ రాడు.
కిటికీ దగ్గర, ముక్కుకి గొట్టంతో,
ఊపిరి మిషను పక్కన ఉంటాడు.
పగలు నీ కరెంటు, రాత్రి నాది, అంటాడు.
పొద్దుగుంకాక మిషను చప్పుడు మారుతుందట, వినమంటాడు.
వింటాను. నాకేమీ తెలియదు.
మారింది, అంటాను.

ఈ సాయంత్రం రువాన్ కాయ్ తాడుకి బరువు కట్టి దించాడు.
నిరుటి కంటే ఇరవై సెంటీమీటర్లు పెరిగిందన్నాడు.
జానెడు అన్నమాట.
తవ్వడం ఆపి ఆరేళ్ళయింది కదా, అన్నాడు
నన్నే తప్పుపట్టినట్టు.
ఖాళీకి తొందరేం ఉంది, అన్నాను.
అంకె రాసుకున్నాడు.
తిరగలి కూడా రాయి, అన్నాను.
దానికి గడి దొరకలేదతనికి.

చీకటి పడకముందే పడవ కట్టేస్తాను,
మా వీధి చివరి కరెంటు స్తంభానికి.
రెండు మూరలు పైకి మిగిలింది.
పింగాణీ బుడిపెలు అలాగే ఉన్నాయి, తీగలే లేవు.
నిరుడు ముడేసిన చోటు ఇప్పుడు నీళ్ళ కింద.
చెయ్యి ముంచితే తగులుతుంది.