ఒకే గొంతు

బాలిక్చీ అంటే జాలరి.
మేం పుట్టేసరికే సరస్సులో వేట ఆగిపోయింది.
రేవులో మాత్రం మూడు ఓడలు
తుప్పు రాల్చుకుంటూ, ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉండేవి.
మధ్యదాన్ని బెక్తూర్ అంతరిక్ష నౌక అన్నాడు.
కాదనడానికి మా దగ్గర ఇంకోటి లేదు.

మాకున్నది ఒకే సినిమా, ఒకే క్యాసెట్టు.
అరిగి అరిగి కెప్టెన్ మొహం మీద మంచు కురిసేది,
ఆ గ్రహం మీద మంచే లేదని చాలా ఏళ్ళకి తెలిసింది.
కెప్టెన్, కెప్టెన్ తల్లి, రాకాసి, కంప్యూటరు
అందరి మాటల మీదుగా రష్యన్‌లో ఒకడే మాట్లాడేవాడు,
జలుబు గొంతుతో, కరెంటు బిల్లు చదువుతున్నట్టు.
నిన్ను ప్రేమిస్తున్నాను, అన్నా అంతే.
ఇంకో నిమిషంలో పేలిపోతాం, అన్నా అంతే.
సినిమా అంటే అలాగే ఉంటుందనుకున్నాం.
మేమే దాన్ని మళ్ళీ తీద్దామనుకున్నప్పుడు
ముందు దొరకబుచ్చుకున్నది హీరోని కాదు, తినాయ్‌ని.
వాడికి ఏడాది పొడుగునా ముక్కు దిబ్బడ.

కెమెరా, పెళ్ళిళ్ళు తీసే ఎర్మెక్ బాబాయిది.
అందులో టేపూ ఆయనదే. టేపు సంగతి అడగలేదు.
పిండి కలిపే బేసిను హెల్మెట్టు.
గొర్రెతోలు తిరగేసి కప్పుకున్న మా అన్న రాకాసి.
ఆ వాసనకి ఊరి కుక్కలు షాటు షాటుకీ వెంటపడితే
వాటినీ ఆ గ్రహవాసుల్లో కలిపేశాం.
నాకు వేషం లేదు.
కారు అద్దానికి అడ్డం పెట్టే వెండి అట్ట పట్టుకుని
ఎండని ఐజిరెక్ మొహం మీదికి తోసే పని.
పైకి, ఇంకా పైకి, అబ్బ, ఆ బుగ్గ మీదికే...
మధ్యాహ్నానికి భుజాలు లాగేసేవి.
ఎండకి బరువుంటుందని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఉలాన్ గాలి లేస్తే ఇక మాటలు టేపుకెక్కవు.
కాబట్టి అన్నీ చివర్లో తినాయ్ చెప్పాలి,
ఆరు పరుపుల కింద, టార్చి చంకలో ఇరికించుకుని, కాగితం చూసి.
బొమ్మ వాడికి కనబడదు.
మేం ఒకసారి తడితే మాట్లాడాలి, రెండోసారి తడితే ఆగాలి.

చచ్చిపోయే సీన్లో ఐజిరెక్ నిజంగానే ఏడ్చింది,
తుప్పురేకు అరచేతిని చీరేసింది.
"నొప్పిగా లేదు. మీరు వెళ్ళండి," అన్నాడు తినాయ్,
కరెంటు బిల్లు కట్టేసినట్టు.
పడీపడీ నవ్వాం.
నవ్వుతూ నవ్వుతూ
రెండోసారి తట్టడం మరిచిపోయాం.

అక్టోబరులో బురుల్ వచ్చింది, తన పెళ్ళి టేపు కోసం.
బాబాయి టీ పోసి, టేపు పెట్టాడు.
గుర్రాలు, దీవెనలు, ఒక తాత కన్నీళ్ళు,
ఉన్నట్టుండి తుప్పు పట్టిన ఓడ.
మేం గోడకి సున్నంలా అంటుకుపోయాం.
బురుల్ కదల్లేదు. ఇరవైరెండు నిమిషాలు.
తాడుకి కట్టిన కెమెరాని మెల్లగా కిందికి దించాం కదా,
ఓడ ఆకాశంలోకి లేచింది.
ఆ వెంటనే, మేం చెరపగా మిగిలిన పెళ్ళి:
అత్తగారు ఆమె తలకి తెల్ల రుమాలు కడుతోంది,
దాని మీద తినాయ్ గొంతు, ఎవరూ ఆపని గొంతు,
"భూమి కనబడుతోంది. దిగడానికి సిద్ధం కండి.
గాలి తక్కువుంది. భయపడొద్దు. నేనిక్కడే ఉన్నాను."

బురుల్ రుమాలు అంచు నోట్లో కుక్కుకుంది.
నవ్వో కాదో ఆ భుజాలు చూసి చెప్పలేకపోయాం.
"మళ్ళీ వెయ్యి," అంది.
మూడుసార్లు వేయించుకుని, తిట్టకుండా, డబ్బివ్వకుండా,
టేపు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.
మాకు ఇంకో కాపీ లేదు.

మొన్న బిష్కెక్‌లో ఆ పాత సినిమా వేశారు, కొత్తగా కడిగి.
మంచు లేదు. ఎవరి గొంతు వాళ్ళకే ఉంది.
కెప్టెన్ ఏడుస్తూ అరుస్తున్నాడు, తల్లి తీయగా పిలుస్తోంది,
ఒక్క ముక్కా నమ్మబుద్ధి కాలేదు.
చివర్న నౌక లేస్తున్నప్పుడు
పక్క సీటువాడికి వినబడకుండా
ముక్కు మూసుకుని నేనే చెప్పాను:
గాలి తక్కువుంది. భయపడొద్దు.