మధ్యలో దిగిన ఊరు

తిరపతి వెళ్తూ దారిలో దిగాడు సింహాచలం మావయ్య.
ఒంగోలు చూద్దామని ఎవరూ రారు,
ఒంగోల్లో దిగుతారు, అంతే.
సంచీ భుజం మీంచి దించకుండానే అడిగాడు:
"ఏటున్నాదే మీ ఊర్లో సూడ్డానికి?"

పదమూడేళ్ళుగా ఉంటున్నదాన్ని,
జవాబు చప్పున నోటికి రాలేదు.
"పద, ముందు టీ తాగుదాం" అన్నాను.

మాది పార్వతీపురం.
అక్కడ ఎటు తిరిగినా
చూపు చేరగిలబడడానికి ఒక కొండ ఉంటుంది.
సూర్యుడు కూడా దాని చాటున ముఖం కడుక్కుని గానీ బయటికి రాడు.
రెండేళ్ళకని బదిలీ మీద ఇక్కడికొచ్చిన కొత్తలో
ఒక ఆదివారం మంగమూరు డొంక దాటి నడిచాను.
శనగ చేలు. వాటి తర్వాత శనగ చేలు.
వాటి చివర ఆకాశాన్ని నేలకి దబ్బనంతో కుట్టేసినట్టు ఒక గీత.
కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడ్డాను.
ఎత్తు మీంచి పడతామని భయపడేవాళ్ళుంటారు,
నేను చదును మీంచి పడిపోతానని భయపడ్డాను.

ఇంటావిడ మస్తానమ్మకి చెబితే
చేట చెరగడం ఆపకుండానే అంది:
"మొదట్లో అట్టనే ఉంటదిలే అమ్మాయ్.
దూరం చూడబాక. దగ్గిరది చూడు."

అందుకే మావయ్యకి దగ్గరివి చూపించాను.
నిన్నటి వానకి చెప్పుని పట్టుకుని
అప్పులవాడిలా వదలని రేగడి మట్టి.
వేలం ఫ్లోరు మీద బేళ్ళ వరసలు,
ఎన్ని ఉతుకులైనా నా చీరల్లోంచి పోని ఆకు వాసన.
వీధంతా వాకిళ్ళలో కూర్చున్న నీలం డ్రమ్ములు.
"పెళ్ళేటి?" అన్నాడు.
"కాదు, రేపు నీళ్ళొచ్చే రోజు."
మాకు వారానికి ఏడు రోజులుండవు,
నీళ్ళొచ్చే రోజు, రాని రోజులు.

ఇక ఉండబట్టలేక
"కొండ కూడా ఉంది" అన్నాను.
చెన్నకేశవస్వామి మెట్ల దగ్గర నిలబడి
నడుం మీద చెయ్యేసుకుని పైకి చూశాడు.
అంత పైకేం చూడక్కర్లేదు నిజానికి.
"దీన్ని కొండంటారేటే? మనూర్లో అరుగంటారు."

నవ్వాను.
నవ్వాక కోపమొచ్చింది.
పక్కింటి బిడ్డని కాసేపు ఎత్తుకున్నప్పుడు
దారినపోయేవాళ్ళు "ఇంత బక్కగా ఉందేం" అంటే
మన చంకలో చురుక్కుమంటుందే, అట్లా.
మావయ్యకేం తెలుసు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతున్నాడు.

పైన గాలి కొత్తపట్నం వైపు నుంచి వస్తోంది,
కాస్త ఉప్పగా.
దూరంగా బైపాస్ మీద లారీల దీపాలు
ఆగకుండా, ఆగకుండా.
ఒకదాని మీద చీమకుర్తి రాయి
చీకట్లో ఇంకొంచెం చీకటిలా కదిలిపోయింది.
"ఎవుళూ ఆగరేటి ఇక్కడ?"
"ఎందుకాగరు? డీజిలుకి ఆగుతారు."

రాత్రి డాబా మీద పక్కేశాను.
చాలాసేపు మాటల్లేవు, నిద్రపోయాడనుకున్నాను.
"ఆకాశం సేలా ఉందే మీకు" అన్నాడు ఉన్నట్టుండి.
"మనకి ముక్కలే కదా."
ఆ "మీకు"నీ "మనకి"నీ
రెండు చెవుల్లో పెట్టుకుని నేను పడుకున్నాను.

పొద్దున స్టేషన్లో మైసూర్‌పాక్ పొట్లం చేతిలో పెడుతుంటే అడిగాడు,
బదిలీకి అర్జీ పెట్టావా అని.
"ఆరుసార్లు పెట్టా. ఏడోది రాసి డ్రాయర్లో ఉంచా."
ఎందుకుంచావని అడగలేదు. మంచివాడు.
రైలు కదిలింది. చూస్తే నీళ్ళ సీసా బెంచీ మీదే ఉంది.
"ఏంది మావయ్యా, సీసా మర్చిపోయా!" అని అరుస్తూ పరుగెత్తాను.
కిటికీలోంచి సీసా అందుకుంటూ
ఎదుటి సీటాయనకి చెబుతున్నాడు పగలబడి నవ్వుతూ,
"ఏంది అంతన్నాదండీ మా పిల్ల! ఏంది!"

రైలు ఆ గీత దాకా వెళ్ళి చుక్కై
చాలాసేపటికి గానీ పోలేదు.
చదునులో వెళ్ళేవాళ్ళు ఇంతసేపు కనిపిస్తారని
అప్పుడే గమనించాను.
ఇంకాసేపు నిలబడేదాన్నే గానీ
ఇవాళ నీళ్ళొచ్చే రోజు.
గబగబా నడిచాను.