ఆధారం లేదు

గ్రిమ్స్‌బీలో నైట్ డ్యూటీ దిగొచ్చి
చేపలకు పొగపట్టే కొట్ల వ్యాసం తెరిచాను.
ఎవరో కొత్తాయన ఒక వాక్యం చేర్చాడు:
"శుక్రవారాలు ఓక్ పొట్టులో ఆపిల్ చెక్క కలిపేవాళ్ళు."
కొట్టేశాను. కారణం గడిలో రెండే మాటలు:
ఆధారం లేదు.
టీ ఇంకా చల్లారనే లేదు.

మూడు వారాలకి జవాబు.
"కలిపింది నేనే. పద్నాలుగేళ్ళు.
ఎలా రాయాలో చెబితే నేర్చుకుంటా.
డెన్నిస్ బ్లాంచర్డ్."

రూలు నా వైపే. ఇప్పటికీ.
వాక్యాన్ని తిరిగి పెట్టలేదు.
కానీ ఈ ఇంగ్లీషులో 'గారు' లేదు,
దాని చాకిరీ అంతా మనమే చెయ్యాలి.
ఈసారి ఐదు వరసలు పట్టింది.
పాత పత్రికలు లైబ్రరీలో ఏ అంతస్తో,
గురువారం నేనూ అక్కడే ఉంటానని.

వచ్చాడు.
కోటు నిండా ఇంకా ఆ పొగ.
దాన్ని
ఏ ఫుట్‌నోట్‌లో పెట్టను?